దారం చెప్పిన చరిత్ర

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో దొర్కా మరణించినప్పుడు యొప్పేలోని విధవరాండ్రు పేతురు ఎదుట ఉపన్యాసాలు చేయలేదు. ఆమె తమకు కుట్టిపెట్టిన బట్టలను కన్నీళ్ళతో చూపించారు. ఆమె ఎటువంటిదో ఆ బట్టలే చెప్పాయి. దారానికి కూడా భాష ఉన్నదని మన సంఘ స్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు. మన కొల్లేటి ప్రాంతంలో ఆ భాషను ఎవరు పలికారో, వారి శ్రమకు లోకం ఏ పేరు పెట్టినదో ఈ సంచికలో కొంత జ్ఞాపకం చేసుకొందాము.

కొల్లేటి లంకల్లో వల అల్లేవారు దారాల మధ్య సందును 'కన్ను' అంటారు. కన్ను కొలతను బట్టి ఆ వల పెద్ద చేపకో, చిన్న చేపకో తెలిసిపోతుంది. అక్షరం రాని చేతికి కూడా వల చదవడం వచ్చు.

సరస్సుకు ఉత్తరాన ఏలూరు ఉన్నది. ముస్లిము పాలకుల కాలంలో పారశీక దేశం నుండి వచ్చిన నేతగాండ్రు ఇక్కడ తివాచీ విద్యను నెలకొల్పారని చెబుతారు. పడుగు దారాలకు గొర్రె ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, వరుస వరుసకు పేక నడిపి, పూలు తేలుస్తారు. ముడి లెక్క తప్పితే పువ్వు రూపే మారిపోతుంది. 1851లో లండను మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలను ఉంచారు. వాటి నమూనాల పేర్లు చూడండి: హైదర్ ఖానీ, రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ. మన ఊరి పేరుకు పారశీకపు తోక! రెండు భాషలు ఒకే మగ్గం మీద కలిసి కూర్చున్నాయనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? నేడు ఆ మగ్గాలు బహు కొద్దిగానే మిగిలాయి.

ఏలూరుకు తూర్పున, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న నరసాపురంలో చేతిపని మరొక దారి పట్టింది. 1836లో ఇంగ్లండు నుండి బౌడెన్, బీర్ దంపతులు గోదావరి డెల్టా సువార్త పనికి వచ్చారు. తరువాత 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. నేర్పినవారిది ఒక భాష, నేర్చుకొన్నవారిది మరొకటి. చేతిలో కొక్కెపు సూది, కళ్ళెదుట నమూనా ముక్క, నోట లెక్క, వీటితోనే ఆ చదువు సాగింది. క్రైస్తవ స్త్రీల నుండి అది కాపులు మొదలైన ఇతర కుటుంబాల స్త్రీలకు కూడా వ్యాపించింది. ఇరవయ్యవ శతాబ్దంలో విదేశాలకు పోయే సరుకైంది. పూలు అల్లడం చేతిపని. విడి ముక్కలను కలిపి బల్లగుడ్డగా తయారుచేయడం అతుకుపని. ఈ మాటలు పనివారు తమ పనిని చూచి పెట్టుకొన్నవి.

కాని బయటివారు పెట్టిన మాట వేరు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ఈ స్త్రీలు ప్రపంచ విపణి కొరకు గంటల తరబడి శ్రమించుచున్నా, వారిని 'ఇల్లాండ్రు' అనీ, వారి పనిని 'తీరిక పని' అనీ పిలిచారని ఆమె చూపించారు. తీరిక పని అన్నాక కూలి తగ్గించడం సులభం. ముక్కల లెక్కన ఇచ్చే కొద్దిపాటి డబ్బు చేతిఖర్చుగా తోచింది గాని కూలిగా తోచలేదు. ఒక్క మాట కడుపు కొట్టగలదని దీనివలన తెలియుచున్నది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు రక్షణ దొరకడం సంతోషమే. అయితే ఊరి పేరు నిలిచినంత మాత్రాన అల్లిన మనిషి పేరు నిలవదు.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. ఇంట్లో తల్లులు, అమ్మమ్మలు అల్లిన లేసు ముక్క ఉంటే దానిని బయటకు తీయండి. ఆ కుట్టును వారు ఏమని పిలిచేవారో, ఎన్ని రోజులు పట్టేదో, ఎంత కూలి ముట్టేదో అడిగి వ్రాసి పెట్టండి. దాని పక్కన వారి పేరు కూడా వ్రాయండి. ఇకమీదట దానిని తీరిక పని అనకండి, పని అనండి.