కలసి వినిన ధర్మము

రాజస్థానమునందలి బైరాట్ చెంత 1840లో ఒక అశోకశాసనము దొరకినది. నేడది కోల్‌కతాలోని ఏషియాటిక్ సొసైటీలో ఉన్నది. శాసనము చిన్నదే, కాని దాని విషయము అసాధారణమైనది. ఇందు అశోకుడు ప్రజలకు ఆజ్ఞలిచ్చు ప్రభువుగా గాక, సంఘమునకు నమస్కరించి విన్నవించుకొను ఉపాసకుడుగా కనబడును. సద్ధర్మము చిరకాలము నిలుచుటకై ఆయన ఏడు ధర్మపాఠములను పేర్కొనెను. భిక్షువులును భిక్షుణులును మాత్రమే గాక, గృహస్థులైన ఉపాసకులును ఉపాసికలును వానిని మాటిమాటికి విని మననము చేయవలెనని ఆయన కోరిక.

చదువవలెనని గాక వినవలెనని చెప్పుటకు కారణము కలదు. బుద్ధవచనము అప్పటికింకను కంఠస్థముగనే ఉండెను. పాలి త్రిపిటకము క్రీ.పూ. మొదటి శతాబ్దిలో సింహళమున లిపిబద్ధమైనదని సంప్రదాయము చెప్పుచున్నది. అంతవరకు ఒకరు మరచినది మరియొకరు అందించుచు, ఒకరు తప్పినది పదుగురు దిద్దుచు ధర్మమును కాపాడిరి. బుద్ధుని పరినిర్వాణానంతరము రాజగృహమున జరిగిన సభకు 'సంగీతి' అను పేరు వచ్చినది ఇందువలననే. ఆ పదమునకు కలసి పలుకుట యని అర్థము. ఒంటరిగా ధర్మమును నేర్చుకొనుట ఆ కాలమున ఊహింపరాని పని.

అయితే విన్నంతమాత్రమున ధర్మము ఒంటబట్టునా? అశోకుడు పేర్కొన్న ఏడింటిలో కొన్ని ఏ సూత్రములో నేటికిని పండితులలో ఏకాభిప్రాయము లేదు. చివరిది మాత్రము స్పష్టము: అసత్యమును గూర్చి రాహులునకు బుద్ధుడు చేసిన బోధ. తెలిసి అబద్ధమాడుటకు సిగ్గుపడనివానియందు శ్రమణత్వము పాత్రలో మిగిలిన గ్రుక్కెడు నీటివలె స్వల్పమని చూపి, బుద్ధుడు కుమారుని అద్దము దేనికని ప్రశ్నించును. ముఖము చూచుకొనుటకని రాహులుడు బదులుచెప్పును. అట్లే ఏ పనినైనను చేయుటకు ముందును, చేయుచున్నప్పుడును, చేసిన పిమ్మటను పరీక్షించుకొనవలెనని ఆ బోధ సారాంశము. రాజ్యభారము వహించినవానికిని, అంగడిలో తూకము వేయువానికిని ఇది సమానముగా వర్తించును. ఉపాసకులును దీనిని వినవలెనని చక్రవర్తి ఏల కోరెనో ఊహించుట కష్టము కాదు.

ఇట్లు వినుటకు ఏర్పడిన దినమే ఉపోసథము. వినయపిటకము దీని పుట్టుకను దాపరికము లేక చెప్పుచున్నది. అన్యమత పరివ్రాజకులు పక్షమునందలి కొన్ని తిథులలో సమావేశమై ధర్మము చెప్పుకొనుట చూచి, బింబిసార మహారాజు బౌద్ధభిక్షువులును అట్లే కూడిన బాగుండునని విన్నవించెను. భిక్షువులు కూడిరి గాని మౌనముగా కూర్చుండిరి. వినవచ్చిన జనులు ఆక్షేపించిరి. ధర్మోపదేశము ఆ తరువాత మొదలైనది; ప్రాతిమోక్ష పఠనమును ఏర్పడినది. దోషము చేసినవారు ఆ సభలో దానిని వెల్లడింపవలెను. మౌనము శుద్ధికి గుర్తు. గృహస్థులకు ప్రాతిమోక్షసభలో ప్రవేశము లేదు. వారు ఆ దినమున అష్టశీలములను పాటించి ధర్మమును వినిరి. భిక్షువునకుగాని గృహస్థునకుగాని, వినుటయు నడవడిని సరిచూచుకొనుటయు ఒకే దినమున జరిగెను.

సారనాథ స్తంభశాసనమునందును ఈ దినము ప్రస్తావింపబడినది. సంఘమును చీల్చువారిని గూర్చిన ఆ కఠినశాసనపు ప్రతి నొకదానిని ఉపాసకుల వద్దకూడ ఉంచవలెననియు, వారు ప్రతి ఉపోసథమునకును వచ్చి దానియందు విశ్వాసమును దృఢపరచుకొనవలెననియు అశోకుడు ఆదేశించెను. సంఘపు ఐక్యత భిక్షువుల బాధ్యత మాత్రమే కాదని ఆయన ఎరుగును.

కాలక్రమమున విహారములు పాడుపడెను. పఠించు కంఠములు ఒక్కొక్కటిగా ఆగిపోయెను. ధర్మము పుట్టిన దేశముననే అది చాలమట్టుకు మాసిపోయినది. శిలలు మాత్రము నిలిచెను. కాని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించువరకు వానిని చదువగలవారే లేకుండిరి. ధర్మమును చిరకాలము నిలుపునది రాయి కాదని ఆ మధ్యకాలము నిరూపించినది.

1956 అక్టోబరు 14వ తేదీన, అశోక విజయదశమినాడు, డాక్టర్ అంబేడ్కర్ నాగపూరులో బౌద్ధధర్మమును స్వీకరించి, లక్షలాది అనుయాయులచేత ఇరువదిరెండు ప్రతిజ్ఞలు చేయించెను. అసత్యమాడనను ప్రతిజ్ఞ అందులో ఒకటి. ఆయన అదే సంవత్సరము డిసెంబరు 6న మరణించెను. 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' అను ఆయన గ్రంథము 1957లో వెలువడినది. భదంత ఆనంద కౌసల్యాయనుడు దానిని హిందీలోనికి అనువదించెను. మహారాష్ట్రమున వర్షావాసపు మూడు మాసములును బౌద్ధ విహారములలో స్త్రీపురుషులు గుమిగూడి ఆ గ్రంథమును చదివించుకొని వినుట ఆచారమైనది. అక్షరము రానివారు వినిరి, వచ్చినవారు చదివిరి. త్రాగుడు మానవలెననియు, పిల్లలను బడికి పంపవలెననియు అచ్చటనే ఒండొరులకు చెప్పుకొనిరి. బైరాట్ శాసనము పేరు వారిలో అనేకులు విని ఉండకపోవచ్చును. కాని అందు అశోకుడు కోరినది ఇట్టి సభనే.