రేడియోకు కాపలా పెట్టిన పెట్టె

సబ్బుల కంపెనీ డబ్బు పోసి రేడియోలో నాటకం వేయిస్తుంది. విన్నదెవరు? పేపరైతే ఎన్ని కాపీలు పోయాయో లెక్క తేలుతుంది, గాలిలో కలిసిపోయే మాటకు లెక్కెక్కడిది?

1930లో అమెరికాలో ఆర్చిబాల్డ్ క్రాస్లీ ఇళ్లకు ఫోన్లు చేయించి, ఏమేం విన్నారో అడిగించడం మొదలుపెట్టాడు. నిన్న తిన్న కూరే గుర్తుండదు, విన్న కార్యక్రమం గుర్తుంటుందా! కొన్నేళ్లకు హూపర్ అనే ఆయన ఆ ప్రశ్ననే మార్చాడు: ఇదిగో, ఈ ఫోను మోగేసరికి మీ రేడియోలో ఏం వస్తోంది? మతిమరుపు బెడద తీరింది. ఫోను లేని ఇళ్లు మాత్రం ఇద్దరి లెక్కలోకీ రాలేదు.

అసలు మనిషిని అడగడమే మానేస్తే? ఎంఐటీలో రాబర్ట్ ఎల్డర్, లూయిస్ ఉడ్రఫ్ కలిసి ఒక పెట్టె తయారుచేశారు. రేడియోకు తగిలిస్తే చాలు, ఎప్పుడు పెట్టారో, ముల్లు ఏ స్టేషన్ మీద ఆగిందో, లోపల మెల్లగా కదిలే కాగితపు చుట్ట మీద గీత పడుతూ ఉంటుంది. దాని పేరు ఆడిమీటర్. 1936లో దాన్ని ఆర్థర్ నీల్సన్ కొనేశాడు. చదివింది ఇంజనీరింగు, చేసే వ్యాపారం షాపుల్లో సరుకు లెక్కపెట్టడం. మొదట్లో ఉన్న సరుకుకు మధ్యలో కొన్నది కలిపి, మిగిలింది తీసేస్తే అమ్మినదెంతో తేలుతుంది. షాపువాడి నోటి మాటతో పనిలేదు. అలాంటి మనిషికి ఆ పెట్టె నచ్చకపోతేనే వింత.

1942లో ఆ పెట్టెతో నీల్సన్ రేడియో రేటింగులు మొదలయ్యాయి. తర్వాతి రోజుల్లో కాగితం పోయి ఫిల్ము వచ్చింది. ఇంటివాళ్లే పాత ఫిల్ము పోస్టులో పంపి కొత్తది దూర్చాలి. దూర్చగానే పెట్టెలోంచి రెండు క్వార్టర్లు, అంటే డాలరులో రెండు పావలాలు, టింగుమని రాలేవి! నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

పెట్టె అబద్ధమాడదు. కానీ రేడియో మోగుతుంటే ఇంటావిడ పెరట్లో బట్టలు ఆరేస్తోందా, పిల్లలు నిద్రపోయారా అన్నది దానికి తెలియదు. టీవీ వచ్చాకా అదే తంటా. అందుకే 1987లో అమెరికా టీవీ రేటింగులకు పీపుల్ మీటర్ వచ్చింది, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్‌తో. మన టీఆర్పీల కోసం బార్క్ అనే సంస్థ పెట్టే మీటర్లదీ అదే పద్ధతి. టీవీ ముందు కూర్చున్నాక ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. మరిచిపోకుండా.