నేటాలు తెలుగువారి బిడ్డలు: బడిభాష, ఇంటిభాష

పరదేశమున స్థిరపడినవారి బిడ్డలు అచ్చటి భాషను నేర్చుకొనుచు ఇంటిభాషను నిలుపుకొనగలరా యను ప్రశ్న నేడు క్రొత్తదిగా తోచుచున్నది. కాని దక్షిణాఫ్రికాలోని నేటాలు తెలుగు కుటుంబములు దానిని నూరేండ్లకు పైగా ఎదుర్కొన్నవి. ఆ చరిత్రమును పరిశీలించి, ఇంటిభాష తొలుత ఎచ్చట సడలినదో చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

1860 అక్టోబరులో మద్రాసు రేవును విడిచిన 'ట్రూరో' యను ఓడ నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. చెరకుతోటలలో పనికై ఒప్పందముపై నేటాలు చేరిన తొలి భారతీయ కూలీలు అందులోని వారే. నాటినుండి 1911లో ఈ వలస నిలిచిపోవువరకు సుమారు 1,52,000 మంది అచ్చటికి పోయిరి. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుండి బయలుదేరినవారు. విశాఖపట్టణము, ఉత్తరార్కాడు మున్నగు మండలముల తెలుగువారు వారిలో నుండిరి. తోటల వసతులలో తెలుగు, తమిళము, భోజపురి మాటలాడువారు ఇరుగుపొరుగులుగా బ్రతికిరి. దొరలతోను జూలూ పనివారితోను వ్యవహరించుటకు 'ఫనగలో' యను మిశ్రభాష అక్కరకు వచ్చెను. తొలితరమున ఆంగ్లము ఇంటిలోనికి రావలసిన పని అంతగా లేకపోయెను.

ఆంగ్లము బడిద్వారా వచ్చెను. క్రైస్తవ మిషను పాఠశాలలకు తోడు, 1878 నాటి చట్టము ననుసరించి భారతీయుల విద్యకై ఒక పాఠశాలా సంఘ మేర్పడెను. అయినను చాలకాలము బడికి పోయిన బిడ్డలు కొలదిమందియే. 1927 నాటి కేప్‌టౌను ఒడంబడిక తరువాత ఈ విషయమున కొంత కదలిక కలిగినది. శ్రీనివాసశాస్త్రిగారి కృషిచే డర్బనులో శాస్త్రి కళాశాల వెలసెను. వారి తరువాత భారతప్రభుత్వ ప్రతినిధిగా కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు అచ్చటికి వెళ్లిరి. వారక్కడ నున్న కాలముననే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ స్థాపితమయ్యెను.

బడిలో బోధనభాష ఆంగ్లము. దానికి తోడు ఆఫ్రికాన్సు. తెలుగు సాయంకాలపు బడుల పాలయ్యెను. పగలెల్ల పరభాషలో చదివి అలసిన బిడ్డ ప్రొద్దుగ్రుంకువేళ గుణింతములు దిద్దవలసివచ్చెను. ఈ బడులను నడిపినవారి త్యాగము తక్కువది కాదు.

ఆంగ్లము నేర్చుటచేతనే తెలుగు పోయెనని కొందరు తలచుట కద్దు. మే మట్లు తలపము. ఆంగ్లవిద్య నడచుచున్నను, 1960 నాటి జనగణనములో సైతము తెలుగును ఇంటిభాషగా చెప్పుకొన్నవారు పదుల వేలలో నుండిరి. 1980 నాటికి ఆ సంఖ్య కొలదివేలకు దిగెను. ఇరువదియేండ్లలో ఇంతటి మార్పు వాడుకలో మాత్రమే కలిగినదని చెప్పజాలము. వాడుక తగ్గినను అభిమానముచే తెలుగు పేరు చెప్పినవారు తొల్లి కొందరుండవచ్చును. అయినను నిజముగా మారిన దొకటి గలదు. పెద్దబిడ్డ బడినుండి ఆంగ్లమును ఇంటికి తెచ్చెను. తమ్ములును చెల్లెండ్రును బడికి పోకమునుపే దానిని వినిరి. అవ్వతో తెలుగు, తల్లితో రెండును, తోబుట్టువులతో ఆంగ్లము, ఈ క్రమమున భాష జారినది.

అవ్వ ఇంటనున్నంతకాలము తెలుగునకు ఆలంబన ముండెను. జాతులవారీగా నివాసములను విభజించిన 1950 నాటి శాసనము ఆ యాలంబనమునే కదల్చినది. అనేక కుటుంబములు తమ పాత తావులను విడిచి చాట్స్‌వర్తువంటి క్రొత్త వాడలలోని చిన్నయిండ్లకు పోవలసివచ్చెను. ఉమ్మడి కుటుంబములు చీలెను. అవ్వయొక యింట, మనుమలొక యింట ఉండిరి. వేర్వేరు భాషల ఇరుగుపొరుగువారికి ఆంగ్లమే ఉమ్మడిభాష యయ్యెను.

రాజ్యమిచ్చిన గౌరవము ఆలస్యముగా వచ్చెను. 1984లో భారతీయభాషలు భారతీయుల ప్రభుత్వ పాఠశాలలలో ఐచ్ఛిక పాఠ్యాంశములయ్యెను. 1996 నాటి రాజ్యాంగము ఆదరింపదగిన భాషలలో తెలుగును పేర్కొన్నది. కాని అప్పటికి తెలుగు పిల్లలు దానిని పరభాషవలెనే నేర్చుచుండిరి. రామభజనలో తెలుగుపాట నిలిచినది; ఆ పాట పాడిన పిల్లవాడు భజన ముగియగానే చెల్లెలితో మాటలాడునది ఆంగ్లముననే.

నేడు అమెరికాలో తెలుగు కుటుంబములు వారాంతపు బడులను నడుపుచున్నవి. 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి అందులకు నిదర్శనము. వీరు తోటకూలీలు కారు. వీరి నివాసములను జాతివివక్ష శాసనములు చీల్చుటలేదు. అవ్వ మాట దూరవాణిలో నిత్యము వినవచ్చును. పరిస్థితులు మేలైనవే. అయినను నేటాలు చరిత్ర నేర్పిన కొలబద్ద యొక్కటే: బడి అక్షరములను నిలుపగలదు, మాటను నిలుపునది తోబుట్టువుల సంభాషణము. కావున ఈ విషయమున పరిశోధింపదలచినవారు బడుల హాజరుపట్టికలతో తృప్తినొందక, పెద్దలు దగ్గర లేనపుడు అన్నయు చెల్లెలును ఏ భాషలో పోట్లాడుకొనుచున్నారో గమనింపవలెనని మా మనవి.