వంత పడ్డ చోట యతి: ద్విపదకు ఉయ్యాల వరస

పాత పాటల పుస్తకాల్లో పాట నెత్తిన రాగం పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు "ఫలానా పాట వరస" అన్న ముక్క కనిపిస్తుంది. అచ్చు వేసినాయన స్వరం రాయనక్కర్లేదు, కొన్నవాళ్లు నేర్చుకోనక్కర్లేదు. భజన కీర్తనలు, స్త్రీల పాటలు, సురభి నాటకాల పాటలు, ప్రజానాట్యమండలి పాటలు అన్నీ ఈ దారినే నడిచాయి. వాటిలో వరస పాతది, మాట కొత్తది. ఈ వ్యాసం చూసే సంగతి కొంచెం వేరు. మాటా పాతదే, వరసా పాతదే, కానీ రెండూ ఒకచోట పుట్టినవి కావు. ప్రాచీన కావ్యం ఒకటి తీసుకుని నలుగురికీ నోటికొచ్చిన పల్లె వరసలో పాడితే ఛందస్సులో ఏది నిలుస్తుంది, ఏది వినబడకుండా పోతుంది?

నలుగురికీ నోటికొచ్చిన వరస అనడం తేలికే. కానీ హైదరాబాదు అమీర్‌పేటలో ఆ నలుగురూ ఎవరన్నది పెద్ద ప్రశ్న. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకూ, వాటిని నమ్ముకున్న హాస్టళ్లకూ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, చిత్తూరు నుంచి ఖమ్మం దాకా పిల్లలు వస్తారు. ఒకే గదిలో నాలుగు మంచాలుంటే నాలుగు వరసలుంటాయి. వరంగల్ అమ్మాయికి ఉయ్యాల పాట, గుంటూరు అమ్మాయికి గొబ్బి పాట, రాయలసీమ అమ్మాయికి చెక్కభజన, ఉత్తరాంధ్ర అమ్మాయికి జముకుల కథ. కూతవేటు దూరంలో బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. ఎల్లమ్మ కథ బైండ్లవాళ్ల జమిడిక మీద నడుస్తుంది. అక్కడ పాటకూ పాటకూ నడుమ వచనం వచ్చి కథను లాక్కుపోతుంది కాబట్టి దాని లెక్క వేరు, దాన్ని ఈ వ్యాసంలోకి తేవడం లేదు. ముందుగా ఉయ్యాల వరసనే పట్టుకుంటాను. కారణం ఒకటే. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ ఈ పేటల్లో గేటెడ్ అపార్ట్‌మెంటు ముందైనా గుడి వాకిట్లోనైనా వినబడేది అదే.

ఇక కావ్యం. ద్విపదను ఎంచుకోవడానికి పండితుల సిఫారసు అక్కర్లేదు, నిజానికి వాళ్లు దాన్ని చాలాకాలం చిన్నచూపే చూశారు. బసవపురాణాన్ని ద్విపదలో రాసిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ తన కాలపు పాటల పేర్లు వరసగా చెప్పాడు. ఆ జాబితా కూడా ద్విపదలోనే ఉంది. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని తోలుబొమ్మలాటవాళ్లు తెర వెనక నిలబడి పాడుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ కనిపిస్తుంది. తరువోజ పాదం అంటే రెండు ద్విపద పాదాలు ఒక గాట కట్టినట్టే.

ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం దగ్గర యతి. రెండు పాదాలకూ రెండో అక్షరం కలిస్తే ప్రాస. ప్రాస లేకపోతే మంజరీ ద్విపద. ఏ కావ్యం నుంచీ తీసుకోకుండా, లెక్క చూపడానికి మాత్రమే ఒక జంట కడతాను:

పూలన్ని తెచ్చిరి పుట్టింటి కొచ్చి
వాలుగా పొద్దుండ వాడలో నిలిచి

కవిత్వంగా దీని విలువ ఎంతన్నది పక్కన పెడదాం. పూ-పు, వా-వా యతి. రెండో అక్షరం ల-లు ప్రాస. ఇప్పుడు దీన్ని ఉయ్యాల వరసలో పెడితే:

పూలన్ని తెచ్చిరి ఉయ్యాలో
పుట్టింటి కొచ్చి ఉయ్యాలో
వాలుగా పొద్దుండ ఉయ్యాలో
వాడలో నిలిచి ఉయ్యాలో

వంత సరిగ్గా యతి ముందు వచ్చి పడింది. ఇది నేను చేసిన సర్దుబాటు కాదు. ద్విపద పాదాన్ని ఎక్కడ విరవాలో యతి ముందే చెప్పి ఉంచింది. వంత ఆ సందులోకి దూరింది, అంతే. "తెచ్చిరి ఉయ్యాలో" దగ్గర ఇకారం మీద ఉకారం వస్తే వ్యాకరణం సంధి అడుగుతుంది. పాట అడగదు. చెప్పే గొంతు ఒకటి, అందుకునే గొంతులు వేరు. మనిషి మారిన చోట సంధి ఎక్కడిది?

అసలు విశేషం ప్రాస దగ్గర ఉంది. జంటను మామూలుగా చదివితే మొదటి పాదం 17 మాత్రలు. అంటే ఒక ల విన్న చెవికి 17 మాత్రల దూరంలో రెండో ల అందుతుంది. ఉయ్యాలో అన్న వంత ఆరు మాత్రలు, పాదానికి రెండుసార్లు వస్తుంది కాబట్టి ఆ దూరం 29 అవుతుంది. ఒకరు చెప్పిన ముక్కను గుంపు మొత్తం తిరిగి అందుకునే పద్ధతిలో పాడితే 58. అంత దూరం ఏ చెవీ ప్రాసను మోసుకుపోదు. పైగా ప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది, చప్పట పడేది మొదటి అక్షరం మీద. యతి సంగతి దీనికి తలకిందులు. చదివేటప్పుడు పాదం నడుమ ఎక్కడో దాగి, తెలిసినవాళ్లకు తప్ప పట్టుబడని అక్షరం పాటలో ఒక చరణం మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది, దాని మీదే చప్పట పడుతుంది. ఛందస్సు పేరు వినని పదేళ్ల పిల్లకు కూడా పూ తర్వాత పు వచ్చిందని వినబడుతుంది.

ఈ లెక్క చూశాక మంజరీ ద్విపద ఎవరి చేతుల్లో ఎక్కువగా ఉందో గమనించాలి. తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం మంజరిలో ఉంది. శ్రీనాథుడి పేరున ఉన్న పల్నాటి వీరచరిత్ర మంజరిలో ఉంది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించేదాకా ఆ కథ కారంపూడి వీరుల ఉత్సవంలో వీరవిద్యావంతుల నోళ్లలో బతికింది. మంజరి అంటే ప్రాస కుదరక వదిలేసిన ద్విపద అన్నట్టు మాట్లాడతారు. నాకది సరిగ్గా అనిపించదు. వంత ఉన్న చోట ప్రాస పెట్టినా వినబడదు, పెట్టకపోయినా లోటు లేదు. వినబడేదాన్ని ఉంచుకుని వినబడనిదాన్ని వదులుకోవడం పాట తెలిసినవాళ్లు చేసే పని. తిమ్మక్క ఇంటివాడే అయిన చిన్నన్న ద్విపదకు పెట్టింది పేరని చాటువులు చెబుతాయి. ఆ ఇంట్లో ప్రాసకు కరువు వచ్చిందని అనుకోలేం.

మాత్రల హెచ్చుతగ్గుల మాటేమిటి? పై జంటలో నాలుగు ముక్కలకూ వరసగా 9, 8, 10, 8 మాత్రలున్నాయి. ఇంద్రగణం నాలుగు మాత్రలైనా కావచ్చు, అయిదైనా కావచ్చు. సూర్యగణం మూడే. లయ గట్టిగా బిగించిన పాటలో ఇది ఇబ్బంది. చప్పట్లు కొడుతూ తిరిగే పాటలో కాదు, చప్పటకూ చప్పటకూ నడుమ నాలుగున్నా అయిదున్నా గొంతు సర్దుకుంటుంది. సూర్యగణం దగ్గర "నిలిచీ" అని చివరి అచ్చు సాగి లోటు పూడుస్తుంది. దేశి ఛందస్సులో గణానికి ఈ వెసులుబాటు ఎందుకుందో లక్షణగ్రంథం చదవడం కంటే గుంపులో నాలుగు చుట్లు తిరిగితే బాగా తెలుస్తుంది. బిరుదురాజు రామరాజు 1958లో వెలువరించిన తెలుగు జానపదగేయ సాహిత్యము మొదలు ఈ రంగంలో పనిచేసినవాళ్లు పాటకూ దేశి ఛందస్సుకూ ఉన్న చుట్టరికం చెబుతూనే వచ్చారు. ఆ చుట్టరికాన్ని కాగితం మీద గణవిభజనతోనే ఎక్కువగా చూశాం, వంతను లెక్కలోకి తీసుకోవడం తక్కువ.

సీసం కూడా ఈ వరసకు లొంగుతుంది. పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. రెండు సగాల్లోనూ మూడో గణానికి యతి. కాబట్టి ఒక్కో పాదం నాలుగు ముక్కలై నాలుగు వంతలు తీసుకుంటుంది. చివరి ముక్కలో రెండూ సూర్యగణాలే గనక అక్కడ ఆరు మాత్రలే ఉండి గొంతు ఎక్కువ సాగాలి. పోతన సీసాలు కొన్నింటిని ఈ లెక్కన ధైర్యంగా ప్రయత్నించవచ్చు. ఆటవెలదిలో యతి నాలుగో గణానికి కాబట్టి విరుపు మూడుకూ రెండుకూ నడుమ పడుతుంది, ఉయ్యాలకు కుదరదు. అయినా వేమన పద్యానికి మరో వంత ఎందుకు? మకుటమే వంత.

వృత్తాలకు మాత్రం ఈ పని చేయకూడదని నా అభిప్రాయం. ఉత్పలమాలలో యతికి ముందు 12 మాత్రలు, తర్వాత 16. ఆ 12 కూడా 4, 5, 3గా నడుస్తాయి. దాన్నైనా ఎలాగో సర్దవచ్చు. సర్దలేనిది మాట. వృత్తంలో మాట యతిని దాటిపోతుంది, పాదాన్ని దాటిపోతుంది. ఆ అందమే వేరు. వంత అక్కడ పడితే మాట రెండు ముక్కలవుతుంది. సుభద్ర పెళ్లి కథనే చేమకూర వెంకటకవి విజయవిలాసంలో చెప్పాడు. ఆ పద్యాల్లో శ్లేష తెలియాలంటే చదివేవాడు ఒక క్షణం ఆగాలి. గుంపు ఆగదు. వేదికల మీద డప్పు దరువుతో భాగవత వృత్తాలు పాడించడం ఈమధ్య వింటున్నాం. చప్పట్లకు కొదవ ఉండదు గానీ పద్యంలో ఏముందో ఎవరికీ అందదు.

వరస ఊరు దాటి వెళ్లే దారుల్లో సినిమా ఒకటి. అమీర్‌పేటలోని సారథి స్టూడియో అనగానే 1959 నాటి మా ఇంటి మహాలక్ష్మి గుర్తుకొస్తుంది, పూర్తిగా హైదరాబాదులో తీసిన తొలి తెలుగు చిత్రంగా దానికి పేరు. ఆ సారథి పేరు మీదే 1955లో రోజులు మారాయి వచ్చింది. అందులో కొసరాజు రాయగా మాస్టర్ వేణు స్వరపరిచిన ఏరువాక పాట పల్లె వరస ఒరవడిలో సాగుతుంది. అయిదేళ్లకు ఎస్.డి.బర్మన్ బంబయి కా బాబు చిత్రంలో అదే వరసను హిందీ మాటలకు వాడుకున్నాడు. భాష మారినా వరస చెక్కుచెదరలేదు. అయితే సినిమా పాటలో చరణాల నడుమ వాద్యాలుంటాయి, వంత ఉండదు. వాద్యం విరుపును చూపిస్తుంది గానీ యతిని గుంపు నోట్లో పెట్టదు. సినిమా వరసలో ద్విపద పాడితే పాడుకోవచ్చు, పైన చెప్పిన లాభం మాత్రం దక్కదు.

పంజాగుట్ట వైపు వెళితే ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడిలో మరో ఉదాహరణ పూటపూటా వినవచ్చు. షిరిడీ హారతుల్లో తుకారాం, నామదేవుడు, జనాబాయి అభంగాలున్నాయి. మరాఠీ రాని తెలుగువాళ్లు వాటిని మరాఠీలోనే, ఆ వరసలోనే కంఠస్థంగా పాడతారు. అభంగానికి దగ్గరి బంధువు ఓవీ. మహారాష్ట్రలో ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ పాడుకున్న పాట అది, జ్ఞానేశ్వరుడు 1290లో గీతా వ్యాఖ్యానానికి ఎన్నుకున్న ఛందస్సూ అదే. పని పాట ఒకచోట మహాకావ్యానికి వాహనమైందంటే అది తెలుగుదేశంలోనే జరిగిన వింత కాదన్నమాట. తేడా ఒకటుంది. ఓవీలో కట్టిన కావ్యానికి వారకరీ భక్తుల పారాయణ సంప్రదాయం ఈనాటికీ నిలిచి ఉంది. ద్విపద కావ్యాలు మనకు పరీక్షల సిలబస్‌లో మిగిలాయి.

హాస్టల్ గదిలోని నాలుగు వరసల సంగతి ఇంకా తేల్చలేదు. ఉయ్యాలో ఆరు మాత్రలు. చందమామ అన్న వంత కూడా ఆరు మాత్రలే. కోస్తాలో సంక్రాంతికి పాడే గొబ్బిళ్ళో కూడా మూడు గురువులు, ఆరు మాత్రలే. అంటే పై జంటను గుంటూరు అమ్మాయి తన వంతతో పాడుకోవడానికి ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. రాగం మారుతుంది, అడుగు మారుతుంది, విరుపు మారదు. తెలిసిన వరస అంటే తెలిసిన రాగం అనుకున్నప్పుడు ఊరికో సమాధానం వస్తుంది. వంతకు ఎంత చోటు ఉందన్నది చూస్తే చాలా ఊళ్లకు ఒకే సమాధానం. చెక్కభజన ఇందులో ఇమడదు. దాని అడుగులు వేగం మార్చుకుంటూ పోతాయి, నింపాదిగా కథ చెప్పే కావ్యానికి ఊపిరాడదు.

మరో అడ్డంకి స్పీకర్లది. సద్దుల నాడు ఈ పేటల్లో చాలాచోట్ల రికార్డు పాటే మోగుతుంది, ఆడవాళ్లు దాని చుట్టూ తిరుగుతారు. యంత్రం లయ ఎవరి కోసమూ ఆగదు. అయిదు మాత్రల గణానికి కొలత కట్టిన దరువు మీద నాలుగు మాత్రల గణం వదులవుతుంది, సూర్యగణం వేలాడుతుంది. కాబట్టి ద్విపదను ముందు స్టూడియోలో రికార్డు చేసి పంచాలనుకోవడం తప్పు దారి అవుతుంది. పాడే మనిషి గుంపు నడుమ ఉండాలి.

సుభద్రా కల్యాణంతో మొదలుపెట్టాలనుకునేవాళ్లు మొత్తం కావ్యం జోలికి పోకుండా, అర్జునుడు సన్న్యాసి వేషంలో వచ్చి సుభద్ర సేవలందుకునే ఘట్టం తీసుకోవడం మేలు. కథ అందరికీ తెలుసు, వేషం లోపల ఎవరున్నారో గుంపుకు తెలుసు, సుభద్రకు తెలియదు. ఒకరు చెప్పి ఆగినప్పుడల్లా మిగతావాళ్లు వంత అందుకునే ఆ కాస్త వ్యవధి నవ్వుకోవడానికి సరిపోతుంది. రోజుకు ఇరవై జంటలు దాటకుండా పంచుకుంటే ఎంగిలిపూల నాడు సన్న్యాసిని ద్వారకలో దింపి, సద్దుల నాటికి పెళ్లి చేయవచ్చు.