మొదటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ సత్తా ఎంత? అంకెలు చెప్పేవి, దాచేవి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ అనే జట్టు ఉంది. దాని యజమాని షాహిద్ ఖాన్. లాహోర్‌లో పుట్టి, 16 ఏళ్ల వయసులో చదువు కోసం ఇల్లినాయ్ వెళ్లి, వాహనాల విడిభాగాల వ్యాపారంలో ఎదిగిన ఆయన 2012లో ఈ జట్టును సొంతం చేసుకున్నారు. ఆ తర్వాత జట్టు ఇద్దరు కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ల మీద పెద్ద ఆశలు పెట్టుకుంది. 2014లో బ్లేక్ బోర్టల్స్, 2021లో ట్రెవర్ లారెన్స్.

బోర్టల్స్ మొదటి ఏడాది 11 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 17 సార్లు బంతిని ప్రత్యర్థి చేతికి అప్పగించాడు. లారెన్స్ మొదటి ఏడాది 12 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, అతనూ 17 సార్లే అప్పగించాడు. ఇద్దరికీ దక్కినవి మూడేసి విజయాలు. కాగితం మీద చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ బోర్టల్స్‌ను 2019 మార్చిలో జట్టు వదిలేసుకుంది. లారెన్స్‌తో 2024 జూన్‌లో ఐదేళ్లకు 27.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది.

మొదటి ఏడాదిలోనే ఈ తేడా కనిపెట్టడం సాధ్యమా? కొంతవరకు సాధ్యమే. అయితే ఏ అంకె ఆటగాడిది, ఏ అంకె అతని చుట్టూ ఉన్నవాళ్లది అన్న హిసాబ్ ముందు తేలాలి.

క్వార్టర్‌బ్యాక్ చేసే పని

ఈ ఆటలో ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాల్లో 10 గజాలు ముందుకు పోవాలన్న నియమం ఉంది. ప్రతి అవకాశంలోనూ బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎదుటి జట్టు తన మీదకు దూకేలోగా, రెండు మూడు సెకన్లలో, పరుగెత్తే సహచరుల్లో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. విసిరిన బంతిని ప్రత్యర్థి పట్టేస్తే అది ఇంటర్‌సెప్షన్. విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే అది శాక్. లీగ్‌లో మొదటి ఏడాది ఆడేవాడిని రూకీ అంటారు.

క్రికెట్‌లో బౌలర్ తేలిపోయినా బ్యాటర్ ఆదుకోవచ్చు. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్ తేలిపోతే ఆదుకునేవాళ్లు తక్కువ. అందుకే జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్‌లో ఈ స్థానానికి అంత గిరాకీ.

తొందర ఎందుకు?

2011లో కొత్త కార్మిక ఒప్పందం వచ్చాక రూకీల జీతాలకు పరిమితి పెట్టారు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చినవాడికి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది. ఐదో ఏడాది కూడా ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు మూడో సీజన్ అయిపోగానే చెప్పాలి. అంటే అంచనాకు దొరికేది మూడు సీజన్లే. మంచివాడిని వదులుకుంటే మళ్లీ అలాంటివాడు దొరకడానికి ఏళ్లు పట్టవచ్చు. మామూలు ఆటగాడికి పెద్ద ఒప్పందం రాసిస్తే మిగతా జట్టుకు ఖర్చు పెట్టడానికి డబ్బు మిగలదు, ఎందుకంటే ఒక్కో జట్టు మొత్తం జీతాలకు లీగ్ గరిష్ఠ పరిమితి పెట్టింది.

జాక్సన్‌విల్‌కు ఈ దెబ్బ తగిలింది. 2018 ఫిబ్రవరిలో బోర్టల్స్‌కు మూడేళ్లకు 5.4 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. ఏడాది దాటగానే అతన్ని పంపించేసింది.

గెలుపోటములు చూసి తేల్చలేం

ట్రాయ్ ఐక్‌మన్ 1989లో డాలస్ కౌబాయ్స్ తరఫున రూకీగా 11 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. పదకొండూ ఓడిపోయాడు. తర్వాత అదే జట్టుకు మూడు సూపర్ బౌల్‌లు గెలిపించాడు. పేటన్ మానింగ్ 1998లో ఇండియనాపోలిస్ కోల్ట్స్‌కు ఆడుతూ 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు. రూకీల్లో అంత చెత్త రికార్డు ఇంకొకరికి లేదు. జట్టు ఆ ఏడాది 3 గెలిచి 13 ఓడింది, మరుసటి ఏడాది 13 గెలిచి 3 ఓడింది.

తిరకాసు రెండో వైపూ ఉంది. బెన్ రాత్లిస్‌బర్గర్ 2004లో పిట్స్‌బర్గ్ తరఫున మొదలుపెట్టిన 13 లీగ్ మ్యాచ్‌లూ గెలిచాడు. కానీ ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ పిట్స్‌బర్గ్‌దే. కుర్రాడి మీద భారం తక్కువ, విసిరిన పాస్‌లు 300 కూడా లేవు. అతను తర్వాత నిజంగానే గొప్ప ఆటగాడయ్యాడు. అయితే ఆ మాట 13 విజయాలను చూసి ముందే చెప్పడానికి వీలు లేకపోయింది. గెలుపు జట్టు మొత్తానిది, ఒక్కడి ఖాతాలో రాయడానికి లేదు.

పాసర్ రేటింగ్ వదిలేసేది ఏమిటి?

టీవీలో తరచూ కనిపించే అంకె పాసర్ రేటింగ్. 1973 నుంచి లీగ్ వాడుతోంది. వేసిన పాస్‌లలో ఎన్ని చేరాయి, పాస్‌కు సగటున ఎన్ని గజాలు వచ్చాయి, టచ్‌డౌన్‌లు ఎన్ని, ఇంటర్‌సెప్షన్లు ఎన్ని అన్న నాలుగింటిని కలిపి లెక్క కడతారు. గరిష్ఠం 158.3.

ఇందులో శాక్‌లు లెక్కలోకి రావు. కాళ్లతో పరుగెత్తి సాధించిన గజాలు రావు. ఓటమి ఖాయమైన మ్యాచ్ చివర్లో ప్రత్యర్థి వదులుగా ఆడుతున్నప్పుడు వేసిన టచ్‌డౌన్‌కూ, నువ్వా నేనా అన్నప్పుడు వేసిన టచ్‌డౌన్‌కూ ఒకటే విలువ. సహచరుడి చేతుల్లోంచి జారి ప్రత్యర్థికి చిక్కిన బంతి కూడా క్వార్టర్‌బ్యాక్ తప్పుగానే నమోదవుతుంది.

2021 రూకీల్లో లారెన్స్ రేటింగ్ 71.9. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కుర్రాడు మ్యాక్ జోన్స్ రేటింగ్ 92.5. జోన్స్ 22 టచ్‌డౌన్ పాస్‌లు వేసి జట్టును ప్లేఆఫ్‌కు తీసుకెళ్లాడు. డ్రాఫ్ట్‌లో మొదటివాడు లారెన్స్ కాదు, పదిహేనోవాడు జోన్సే అసలైన సరుకు అని అప్పట్లో అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. మూడేళ్లు గడవకముందే, 2024 మార్చిలో, పేట్రియట్స్ జోన్స్‌ను ఆరో రౌండ్ ఎంపిక ఒక్కదానికి ఇచ్చేసింది. తీసుకున్నది జాక్సన్‌విల్. పుట్టిపెరిగిన ఊరికి అతను లారెన్స్ వెనక రెండో క్వార్టర్‌బ్యాక్‌గా తిరిగి వచ్చాడు.

శాక్‌లు ఎందుకు చూడాలి?

క్వార్టర్‌బ్యాక్ కిందపడితే ముందున్న రక్షణ వరుసదే తప్పు అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. బంతిని ఎంతసేపు పట్టుకుంటాడు, ప్రమాదాన్ని ఎంత ముందు పసిగడతాడు అన్నది ఆటగాడి గుణం. జట్టు మారినా ఈ అలవాటు చాలావరకు వెంటే వస్తుందని గణాంకాలు పరిశీలించేవాళ్లు చెబుతారు.

ఇక్కడే జాక్సన్‌విల్ కుర్రాళ్లిద్దరి దారులు విడిపోతాయి. బోర్టల్స్ మొదటి ఏడాది 475 పాస్‌లు వేసి 55 సార్లు శాక్ అయ్యాడు. లీగ్‌లో ఆ ఏడాది అదే ఎక్కువ. దాదాపు పదిసార్లకు ఒకసారి కింద పడ్డాడన్నమాట. లారెన్స్ 602 పాస్‌లు వేసి 32 సార్లే శాక్ అయ్యాడు, అంటే సుమారు ఇరవైసార్లకు ఒకసారి. 28 ఇంటర్‌సెప్షన్ల మానింగ్ 575 పాస్‌లు వేసి 22 సార్లే దొరికాడు. చూపు, నిర్ణయం వేగంగా ఉన్నాయి, తప్పులు అనుభవలేమివి. అలాంటి తప్పులు ఆడుతూ ఆడుతూ తగ్గే అవకాశం ఎక్కువ.

ఇదొక్కటీ పట్టుకుని ఫైసలా చెప్పేయకూడదు. బఫలో బిల్స్ ఆటగాడు జాష్ అలెన్ 2018లో రూకీగా 320 పాస్‌లలో సగానికి కొంచెం ఎక్కువే, 52.8 శాతం, సహచరులకు చేర్చాడు. 28 శాక్‌లు, 12 ఇంటర్‌సెప్షన్లు. ఏ కొలతకూ నిలవలేదు. కానీ కాళ్లతో 8 టచ్‌డౌన్‌లు చేశాడు, చేతిలో బలం ఉంది. 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ తోడయ్యాడు, పాస్‌లు 69.2 శాతం చేరాయి. 2024 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు అలెన్‌కే దక్కింది.

చుట్టూ ఉన్నవాళ్ల లెక్క

లారెన్స్ మొదటి ఏడాది జాక్సన్‌విల్ కోచ్ అర్బన్ మేయర్. కాలేజీ ఆటలో పేరున్నవాడే, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కొత్త. 13 మ్యాచ్‌లు కాగానే ఖాన్ ఆయనను తొలగించారు. 2022లో అంతకుముందు ఫిలడెల్ఫియాకు సూపర్ బౌల్ గెలిపించిన డగ్ పెడర్సన్ కోచ్‌గా వచ్చారు. క్రిస్టియన్ కర్క్, జే జోన్స్, ఇవాన్ ఎంగ్రమ్ వంటి సహచరులు చేరారు. అదే లారెన్స్ 25 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఇంటర్‌సెప్షన్లు 17 నుంచి 8కి దిగాయి.

2023 జనవరి 14న చార్జర్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతను మొదటి సగంలోనే నాలుగు ఇంటర్‌సెప్షన్లు వేశాడు. జట్టు 27-0తో వెనకబడింది. తర్వాత నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేసి 31-30తో గెలిపించాడు. తప్పు చేశాక కుర్రాడు బెదిరిపోతాడా, మళ్లీ ధైర్యంగా విసురుతాడా అన్నది రేటింగ్‌లో దొరకదు, మ్యాచ్ చూస్తే దొరుకుతుంది.

జోన్స్‌ది తిరగేసిన కథ. అతని రూకీ ఏడాది దాడి వ్యూహాలు నడిపిన జాష్ మెక్‌డేనియల్స్ మరో జట్టుకు వెళ్లిపోయారు. మరుసటి ఏడాది జోన్స్ టచ్‌డౌన్‌లు 22 నుంచి 14కి పడిపోయాయి. మొదటి ఏడాది మెరుపులో ఎంత కుర్రాడిది, ఎంత గురువుది అన్న ప్రశ్న అప్పుడు లేచింది.

రెండో ఏడాది పరీక్ష

కొత్తవాడి ఆట మొదట్లో ఎవరికీ తెలియదు. ఏడాది తిరిగేసరికి ప్రతి ప్రత్యర్థి దగ్గరా అతని మ్యాచ్‌ల వీడియో ఉంటుంది. ఇష్టమైన పాస్ ఏది, ఒత్తిడిలో ఏ వైపు పరుగెడతాడు అన్నీ బయటపడతాయి. హ్యూస్టన్‌కు ఆడే సి.జె. స్ట్రౌడ్ 2023లో 23 టచ్‌డౌన్‌లు, 5 ఇంటర్‌సెప్షన్లతో ఉత్తమ రూకీ అవార్డు అందుకున్నాడు. 2024లో ఇంటర్‌సెప్షన్లు 12 అయ్యాయి, 52 సార్లు శాక్ అయ్యాడు. జట్టు మాత్రం రెండేళ్లూ ప్లేఆఫ్‌కు వెళ్లింది.

రెండో ఏడాది అంకెలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. బోర్టల్స్ 2015లో 35 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. అభిమానులు హమ్మయ్య అనుకున్నారు. జట్టు మాత్రం 5 గెలిచి 11 ఓడింది. ఎప్పుడూ వెనకబడి ఉండటంతో అతను 600 పైచిలుకు పాస్‌లు వేయాల్సి వచ్చింది. 18 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో మొదటి స్థానం, శాక్‌లు మళ్లీ 51. పాత లోపాలు తగ్గలేదు, టచ్‌డౌన్‌ల సంఖ్య వాటిని కప్పేసింది.

తొందరపాటు మూల్యం ఒక్కోసారి శరీరం మీద పడుతుంది. వాషింగ్టన్ ఆటగాడు రాబర్ట్ గ్రిఫిన్ 2012లో 20 టచ్‌డౌన్‌లు, 5 ఇంటర్‌సెప్షన్లతో ఉత్తమ రూకీ అయ్యాడు. 2013 జనవరిలో అప్పటికే దెబ్బతిన్న మోకాలితో ప్లేఆఫ్ మ్యాచ్ ఆడి స్నాయువులు తెంచుకున్నాడు. ఆ తర్వాత మునుపటి ఆట మళ్లీ కనిపించలేదు.

ఇంట్లో మ్యాచ్ చూసేటప్పుడు

డాలస్, హ్యూస్టన్, షికాగోలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆదివారం వస్తే ఈ ఆటే లోకం. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే నానమ్మ, తాతయ్యల చెవినా ఈ పేర్లు పడుతుంటాయి. కొత్త క్వార్టర్‌బ్యాక్ గురించి ఇంట్లో వాదన వచ్చినప్పుడు కొన్ని సంగతులు అడిగి చూడవచ్చు. ఎన్నిసార్లకు ఒకసారి శాక్ అవుతున్నాడు? సీజన్ మొదటి సగంలో చేసిన తప్పు రెండో సగంలో తగ్గిందా? టచ్‌డౌన్‌లు మ్యాచ్ చేతిలో ఉన్నప్పుడు వచ్చాయా, చేజారిపోయాక వచ్చాయా? కోచ్ ఎవరు, బంతి పట్టేవాళ్లు ఎవరు, డిఫెన్స్ ఎన్ని పాయింట్లు ఇస్తోంది?

వీటికి జవాబులు దొరికినా మొదటి ఏడాది చివర్లో వచ్చేది అంచనా మాత్రమే. జట్లకైతే గడువు ఉంది, మూడో సీజన్ తర్వాత సంతకం పెట్టాలి. చూసేవాళ్లకు ఆ తొందర లేదు. 21, 22 ఏళ్ల కుర్రాడి గురించి కనీసం రెండో సీజన్ ముగిసేదాకా సబర్ పట్టవచ్చు.