పెద్దల సభలో పెద్దరికం

రాజ్యసభలో అందరికన్నా ఎత్తైన కుర్చీలో కూర్చునే వ్యక్తి ఆ సభలో సభ్యుడు కాడు. చర్చలో పాల్గొనడు. రెండు పక్షాలకూ సమానంగా ఓట్లు పడినప్పుడు మాత్రమే ఆయనకు ఓటు ఉంటుంది. ఆయన ఉపరాష్ట్రపతి; ఆ హోదాకు వేరే జీతం కూడా లేదు. నెలనెలా అందేది రాజ్యసభ ఛైర్మన్‌గా చేసే పనికే. ఆ పని ఏమిటన్నది రాజ్యాంగంలో కొన్ని వాక్యాల్లో ఉంది. అంతకన్నా ఎక్కువ భాగం, ఏడు దశాబ్దాలుగా ఆ కుర్చీలో కూర్చున్నవారు చెప్పిన రూలింగుల్లో తయారైంది.

బ్రిటిష్ కాలంలో ఆ కుర్చీ ప్రభుత్వానిదే. 1919 చట్టం కేంద్రంలో రెండు సభలు పెట్టింది. దిగువసభ 1925లో విఠల్‌భాయ్ పటేల్‌ను తన అధ్యక్షుడిగా తానే ఎన్నుకుంది. అరవై మంది సభ్యుల కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు మాత్రం అధ్యక్షుణ్ణి గవర్నర్ జనరలే నియమించేవాడు. మొదట కూర్చున్న అలెగ్జాండర్ మడ్డిమన్ ఐసీఎస్ అధికారి. రాజ్యాంగ నిర్మాతలు ఆ దారి వదిలేశారు. లండన్‌లో ప్రభువుల సభ పద్ధతినీ తీసుకోలేదు. అక్కడ 2006 వరకు లార్డ్ ఛాన్సలరే పీఠం మీద ఉండేవాడు. ఆయన మంత్రివర్గ సభ్యుడు కూడా, పైగా సభను అదుపు చేసే అధికారం లేనివాడు. మనవాళ్లు అమెరికా సెనెట్ నమూనా ఎంచుకున్నారు. తేడా ఒక్కటే: అక్కడి ఉపాధ్యక్షుడు చాలావరకు ఓట్లు సమానమైనప్పుడే సభకు వస్తాడు, మన ఉపరాష్ట్రపతి సమావేశాలు జరిగే రోజుల్లో వచ్చి కూర్చోవాలి.

1952 మే 13న సభ తొలిసారి కొలువుదీరినప్పుడు ఆ పీఠం మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. తనకు ఏ పార్టీ లేదు కాబట్టి సభలోని ప్రతి పార్టీ తనదేనని ఆయన మొదట్లోనే ప్రకటించారు. పదేళ్లు ఆ మాట మీదే నడిచారు. సభను కుటుంబ సమావేశంలా నడిపారని నెహ్రూ మెచ్చుకున్నారు. అప్పట్లో కాంగ్రెస్‌కు తిరుగులేని మెజారిటీ ఉంది. ప్రతిపక్షానికి గొంతు దొరకాలంటే ఛైర్మన్ మనసు పెట్టాల్సిందే. ఆ పదేళ్ల విలువ అక్కడుంది.

క్రమశిక్షణ విషయంలో ఛైర్మన్ అధికారం బయటివాళ్లు అనుకునేంత పెద్దది కాదు. గొడవ చేసిన సభ్యుణ్ణి ఆ రోజుకు బయటికి పొమ్మనగలరు. సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేయాలంటే మాత్రం ఛైర్మన్ ఆ సభ్యుడి పేరు చదవాలి, సభ తీర్మానం చేయాలి. రాజ్యసభలో అలా మొదట సస్పెండైన సభ్యుడు గోడె మురహరి. అది 1962 సెప్టెంబరు 3. మార్షల్ వచ్చి ఆయన్ను బయటికి తీసుకెళ్లాడు. అదే మురహరి 1972లో ఆ సభకే డిప్యూటీ ఛైర్మన్ అయ్యారు. తర్వాత విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచి అక్కడ డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు. నిన్న గొడవ చేసినవాడు రేపు సభను నడిపే మనిషి కావచ్చునని పీఠం మీద ఉన్నవారు మరచిపోకుండా ఉండేందుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఛైర్మన్ నిబ్బరానికి అసలైన పరీక్ష 1988లో ఎదురైంది. దానికి కారణం హైదరాబాద్ రాజ్‌భవన్. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కుముద్‌బెన్ జోషి ఖర్చుల మీద ఆరోపణలొచ్చాయి, వాటిని సభలో చర్చించాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. ఛైర్మన్ శంకర్ దయాళ్ శర్మ అనుమతించారు. ఆయన జీవితమంతా కాంగ్రెస్‌లో గడిపినవారు. పైగా అదే రాజ్‌భవన్‌లో జోషికి ముందు గవర్నర్‌గా ఉన్నవారు. శర్మ రూలింగ్ మీద అధికారపక్ష సభ్యులు అభ్యంతరం చెప్పారు; ప్రధాని రాజీవ్ గాంధీతో సహా దాదాపు కేంద్ర మంత్రివర్గమంతా సభలోనే ఉన్నా వారిని ఆపలేదు. ఆ రోజు చర్చను రికార్డుల నుంచి తొలగించమని కూడా అడిగారు. శర్మ ఒప్పుకోలేదు. పీఠం ఇచ్చిన రూలింగ్‌కు అందరూ కట్టుబడాల్సిందేనన్నారు, అవసరమైతే రాజీనామాకు సిద్ధమన్నారు. తనను గెలిపించిన పార్టీకే ఎదురు నిలిచి ప్రతిపక్షం మాట వినిపించనివ్వడం ఛైర్మన్ ధర్మాలన్నిటిలోకీ కష్టమైనది. ఆ ఒక్క రోజు శర్మ చేసింది అదే.

ఓట్లు సమానమయ్యే సందర్భం అరుదు. 1991 ఆగస్టు 5న ఒక ఆర్డినెన్సును తిరస్కరించే తీర్మానం మీద 39–39 వచ్చినప్పుడు, ఛైర్మన్ బదులు పీఠం మీదున్న సభ్యుడు ప్రతిపక్షం వైపు ఓటేశారు. ప్రభుత్వం ఓడిపోయింది.

ఆలోగా పీఠానికి కొత్త బరువు పడింది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టంతో ఛైర్మన్ తీర్పరి కూడా అయ్యారు. సభ్యుడి పదవి ఉంటుందో ఊడుతుందో తేల్చేది ఆయనే. 1992 నుంచి ఆ తీర్పుపై కోర్టుకు వెళ్లే వీలుంది. వెంకయ్యనాయుడు హయాం చూస్తే ఈ అధికారం ఎంత పదునైనదో తెలుస్తుంది. 2017 డిసెంబరులో జేడీ(యూ) సభ్యులు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల సభ్యత్వం రద్దు చేశారు. 2019 జూన్‌లో తెలుగుదేశం ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలుస్తామని లేఖ ఇస్తే మర్నాడే విలీనం పూర్తయింది. మూడింట రెండొంతులన్న లెక్క సరిపోయింది, నిజమే. కానీ సొంత పార్టీకి లాభించే నిర్ణయం అంత వేగంగా వస్తే, అటువైపు కూర్చున్నవారికి పీఠం మీద నమ్మకం తగ్గక మానదు. అదే వెంకయ్యనాయుడు చేసిన మరో పని అందరి మెప్పూ పొందింది: 2018 నుంచి షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా సభ్యులు మాట్లాడేలా అనువాదకులను ఏర్పాటు చేశారు.

గందరగోళంలో బిల్లు పాస్ చేయవచ్చా అన్నది ఇప్పటికీ తేలని సమస్య. 2011 డిసెంబరు 29 రాత్రి లోక్‌పాల్ బిల్లుకు 187 సవరణలు వచ్చి పడ్డాయి. అర్ధరాత్రి దాటే వేళకు ఛైర్మన్ హమీద్ అన్సారీ సభను నిరవధికంగా వాయిదా వేశారు. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు వచ్చినప్పుడు పీఠం మీద డిప్యూటీ ఛైర్మన్ పి.జె. కురియన్ ఉన్నారు. నినాదాల మధ్యనే మూజువాణి ఓటుతో అది గట్టెక్కింది. ఒక రాష్ట్రం రెండయ్యే నిర్ణయాన్ని సభ్యుల ఓట్లు లెక్కపెట్టి తీసుకుని ఉంటే రెండు ప్రాంతాలకూ గౌరవంగా ఉండేది. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులప్పుడు కూడా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరినా మూజువాణితోనే సరిపెట్టారు. సభ్యులు తమ సీట్లలో లేరన్నది డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ వాదన. మర్నాడు ఎనిమిది మంది సస్పెండయ్యారు.

రాష్ట్రాల ఎగువసభల్లో ఇదే చిక్కు ఇంకా ఘాటుగా కనిపిస్తుంది. 2020 జనవరి 22న ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్, మూడు రాజధానుల బిల్లును తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజుల్లో శాసనసభ ఏకంగా మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు గానీ, సెలెక్ట్ కమిటీ మాత్రం ఏర్పడనే లేదు.

2024 డిసెంబరులో ప్రతిపక్షం జగదీప్ ధన్‌ఖడ్‌ను తొలగించాలంటూ నోటీసు ఇచ్చింది. రాజ్యసభ ఛైర్మన్ మీద అలాంటి నోటీసు అదే మొదటిసారి. హరివంశ్ దాన్ని తిరస్కరించారు. 2025 జూలైలో ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. సెప్టెంబరు ఎన్నికలో సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, తెలంగాణకు చెందిన మాజీ న్యాయమూర్తి సుదర్శన్‌రెడ్డికి 300 వచ్చాయి. కొత్త ఛైర్మన్ ముందున్న పాత చిక్కు రూల్ 267. ఆ రోజు పనులన్నీ పక్కన పెట్టి ఒక అంశాన్నే చర్చించాలని సభ్యులు దాని కిందే నోటీసులిస్తారు. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దుపై అన్సారీ అలా చర్చ జరగనిచ్చారు. తర్వాతి ఏళ్లలో అలాంటి నోటీసులు వరుసగా తిరస్కరణకు గురవుతూ వచ్చాయి, సభ వాయిదాల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతోంది.