సీక్వెల్ మొదటిదాన్ని అందుకోగలదా?

"మొదటి పార్టే బాగుంది" అనే మాట మనకి సినిమాల దగ్గర్నుంచి అలవాటు. పార్ట్ టూ రిలీజైన రోజు మార్నింగ్ షో వదలగానే హాలు బయట ఎవడో ఒకడు ఈ తీర్పు చెప్పేస్తాడు. వీడియో గేములకీ అదే తీర్పు చెల్లుతుందంటాడు మా టీములో ఒకాయన. చెల్లదని నా వాదన. సాక్ష్యం మా ఊళ్ళ నుంచే మొదలుపెడతాను.

మా ఊళ్ళంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. పెరిగింది సూర్యాపేట, ఇంజనీరింగ్ కోదాడ, సెలవులొస్తే మిర్యాలగూడలో మేనమామ వాళ్ళిల్లు. ఈ మూడు ఊళ్ళలో నా ఈడు వాళ్ళెవర్నైనా "జీటీఏ అంటే ఏది?" అని అడగండి, వైస్ సిటీ అనే అంటారు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, చీట్ కోడ్లు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని ఆడింది అదే మరి. కానీ దారి వేసిన ఆట అది కాదు. 2001లో వచ్చిన జీటీఏ త్రీ. ఊరంతా త్రీడీలో తిరుగుతూ ఏ కారైనా ఎక్కి పోవడం ఆ సిరీస్‌లో దానితోనే మొదలైంది. వైస్ సిటీని మొదట దానికి అదనపు మిషన్ల ప్యాక్‌గా అనుకున్నారు. 2002లో, అంటే ఏడాదికే, పూర్తి ఆటగా బయటికొచ్చింది. ఇంజన్ దాదాపు పాతదే. జీటీఏ త్రీ హీరో నోరు విప్పడు, ఇందులో హీరో మాట్లాడతాడు. బైకులొచ్చాయి, బిల్డింగులు కొనుక్కోవచ్చు. అంతే!

ఇంకో తమాషా. జీటీఏ త్రీ కూడా సీక్వెలే. 1997, 1999లో వచ్చిన మొదటి రెండూ పైనుంచి చూస్తూ ఆడేవి. అంటే "చరిత్ర సృష్టించిన ఆట" అని మనం దండం పెట్టేది కూడా మూడోదే. మొదటిది కావడం వేరు, దారి వేయడం వేరు.

మన భాషలో ఈ లెక్క ఎప్పుడో తేలింది కదా. నన్నయ 11వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. నన్నయలా రాయాలని చూడలేదు, మాటల్లో నాటకం నడిపాడు. తర్వాత 14వ శతాబ్దంలో ఎర్రన మధ్య ఖాళీ పూరించాడు. ఆయన పని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది: పాత కోడుకీ కొత్త కోడుకీ మధ్య అతుకు కనపడకుండా వేయడం :)

మరి సీక్వెళ్ళు ఎక్కడ దెబ్బతింటాయి? నాకు రెండు దారులు కనిపిస్తాయి.

ఒకటి, పాతదాన్నే కష్టం చేసి ఇవ్వడం. 1985 మారియో మనందరికీ తెలుసు, టీవీ గేము క్యాసెట్టు పెడితే వచ్చేది అదే. దానికి 1986లో జపాన్‌లో రెండోది వచ్చింది. అదే రూపం, అవే ఎత్తులు, కాకపోతే విషపు పుట్టగొడుగులు, చచ్చేంత కష్టం. పాత సిలబస్‌కే కఠినమైన పేపరిచ్చినట్టు. అమెరికాలో ఇది నడవదని అక్కడి నింటెండో వాళ్ళు 'డోకి డోకి పానిక్' అనే వేరే ఆటకి మారియో వేషం వేసి 1988లో 'మారియో 2'గా అమ్మారు.

రెండోది, మొదటిదాని కీర్తికి భయపడి అన్నీ అందులోనే కుక్కాలనుకోవడం. ఐబీఎంలో ఓఎస్/360 నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు: ఇంజనీరు కట్టే రెండో సిస్టమే అన్నిటికంటే ప్రమాదకరం, మొదటిసారి ఆపుకున్న ఆశలన్నీ అందులో పోస్తాడని. డ్యూక్ నూకెమ్ ఫరెవర్ 1997లో ప్రకటించారు, ఇంజన్లు మార్చుకుంటూ పోయారు, చివరికి 2011లో వచ్చింది. 14 ఏళ్ళు! వచ్చాక మెచ్చుకున్నవాళ్ళు తక్కువ.

కాబట్టి మొదటి ఆట ఇచ్చిన ఆశ్చర్యం ఇంకోసారి రాదు. దాని వెంట పడితే సీక్వెల్ ఓడిపోతుంది. మొదటిది వదిలేసిన పని పూర్తి చేస్తే మాత్రం గెలుస్తుంది.

ఐతే గెలిచిందో ఓడిందో చెప్పాల్సింది ఎవరు? ఆడేవాళ్ళు. ఇప్పుడు చిక్కొచ్చింది ఇక్కడే. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్‌కి మాడ్‌గా పుట్టింది. 2004లో కండిషన్ జీరో, సోర్స్ రెండూ వచ్చాయి. అయినా పదేళ్ళ తర్వాత మా కోదాడ హాస్టల్లో ఆడింది 1.6 నే. నాసిరకం కంప్యూటర్లో నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా లాన్ కేబులుంటే చాలు. ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు. కొత్తది నచ్చకపోతే పాతది ఉంది.

2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 రావడానికి ముందే 2016 నాటి మొదటి ఓవర్‌వాచ్ సర్వర్లు మూసేశారు. డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా ఆ ఆట లేదు. 2023 సెప్టెంబరులో కౌంటర్ స్ట్రైక్ 2, సీఎస్ గో స్థానంలోకే వచ్చి కూర్చుంది. ఇక పోల్చేదెలా? తిక్కన గొప్పదనం మనకి తెలుస్తోందంటే, పక్కన నన్నయ కూడా ఉన్నాడు కనుకే. ఆదిపర్వం తీసేసి విరాటపర్వం చేతిలో పెడితే అది సీక్వెల్ అనిపించుకోదు, కబ్జా అనిపించుకుంటుంది.

కొత్త వెర్షన్ కట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పాత వెర్షన్ నడపడానికి ఖర్చవుతుందని నాకూ తెలుసు. కానీ కనీసం సొంతంగా సర్వర్ పెట్టుకునే వీలైనా వదిలిపెట్టండి. మీ రెండో ఆట మీద మీకు నమ్మకముంటే మొదటిదాన్ని చూసి భయమెందుకు?